చిన్నప్పుడు క్యాన్సర్ నుంచి కోలుకున్నవారిని గుండె పరీక్షకు ఒప్పించడం ఎలా?

ఐదేళ్ల వయసులో రక్త క్యాన్సర్‌కు చికిత్స పూర్తి చేసుకుని, ఇప్పుడు ముప్పై ఏళ్ల వయసులో ఉద్యోగం చేసుకుంటూ, మెట్లెక్కినా ఆయాసం ఎరగకుండా తిరుగుతున్న మనిషిని కూర్చోబెట్టి "ఒకసారి గుండె పరీక్ష చేయించుకో" అని చెప్పడం తేలిక కాదు. ఆ మాట చెప్పవలసినవారు మీరే కావచ్చు. మీరు ఆ మనిషికి అక్కో, అన్నో, భార్యో, భర్తో, చిన్ననాటి స్నేహితులో అయి ఉండవచ్చు. లేదా ఆసుపత్రిలో పాత రోగుల బాగోగులు చూసే నర్సు అయి ఉండవచ్చు. ఎవరైనా సరే, ఈ పనిని ఒక క్రమంలో చేస్తే ఫలితం ఉంటుంది. ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. చైల్డ్‌హుడ్ క్యాన్సర్ సర్వైవర్ స్టడీ అనే పెద్ద అధ్యయనంలో ఉన్నవారిలో, గుండె దెబ్బతినే ముప్పు ఉండి కూడా ఐదేళ్లుగా ఆ పరీక్ష చేయించుకోని 472 మందిని పరిశోధకులు రెండు జట్లుగా విభజించారు. రెండు జట్లవారికీ వారి చికిత్స వివరాలు, చేయించుకోవలసిన పరీక్షల వివరాలు రాసిన పత్రం పంపారు. ఒక జట్టుకు మాత్రం, ఆ పత్రంతో పాటు, శిక్షణ పొందిన నర్సు రెండుసార్లు ఫోన్ చేసి మాట్లాడింది. ఏడాది తిరిగేసరికి, పత్రం మాత్రమే అందుకున్నవారిలో 22.3 శాతం మంది పరీక్ష చేయించుకోగా, ఫోన్ కూడా అందుకున్నవారిలో 52.2 శాతం మంది చేయించుకున్నారు. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కాగితం సమాచారం ఇస్తుంది, మనిషిని కదిలించేది మాత్రం పేరు పెట్టి పిలిచి, సందేహం విని, కొన్నాళ్ల తర్వాత మళ్లీ అడిగే గొంతు. మీరు చేయబోయే పని సారాంశం అదే.

మొదటి మెట్టు: ఎందుకో మీకు స్పష్టంగా తెలియాలి

మీకే అర్థం కాని కారణంతో ఎదుటివారిని ఒప్పించలేరు. పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా వాడే మందులలో ఆంత్రాసైక్లిన్లు అనే వర్గం ఒకటుంది. డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్, ఎపిరూబిసిన్, ఐడారూబిసిన్ ఈ వర్గానికి చెందినవే. మైటోక్సాంట్రోన్ వీటికి దగ్గరి బంధువు. ఎందరో పిల్లల ప్రాణాలు నిలబెట్టిన మందులివి, వాటిని వాడటం తప్పేమీ కాదు. అయితే ఇవి క్యాన్సర్ కణాలతో పాటు గుండె కండర కణాలనూ దెబ్బతీస్తాయి. చర్మం, రక్తం లాగా గుండె కండరం కొత్త కణాలను పెద్దగా పుట్టించుకోలేదు. ఫలితంగా, కొన్ని కణాలు పోగొట్టుకున్న చిన్న గుండె, ఎదుగుతున్న శరీరానికి ఏళ్ల తరబడి రక్తం సరఫరా చేస్తూ, ఉన్న కణాలతోనే ఆ బరువంతా మోస్తుంది. కొందరిలో ఇది జీవితాంతం సమస్య లేకుండా గడిచిపోతుంది. మరికొందరిలో పది, ఇరవై, ముప్పై ఏళ్లకు గుండె గోడ పలచబడి, పంపింగ్ బలం తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదల మొదటి దశలో బయటికి ఏ లక్షణమూ కనిపించదు. పరీక్ష అవసరమైనది సరిగ్గా ఆ దశలోనే.

ఛాతీ మీదుగా వెళ్లిన రేడియేషన్ దారి వేరు. అది కండరాన్నే కాక, గుండెకు రక్తం తెచ్చే ధమనులను, కవాటాలను, గుండె చుట్టూ ఉండే పొరను, గుండె లయను నడిపే వ్యవస్థను కూడా ప్రభావితం చేయగలదు. 2006లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన, చిన్నతనంలో క్యాన్సర్ నుంచి కోలుకున్న పెద్దలను వారి తోబుట్టువులతో పోల్చి, గుండె వైఫల్యం వచ్చే అవకాశం వీరిలో దాదాపు 15 రెట్లు ఎక్కువని తేల్చింది. ఈ అంకెను మొదటి మాటలోనే విసరకండి. యువకుల్లో గుండె వైఫల్యం సహజంగా చాలా అరుదు కాబట్టి, అరుదైన దానికి పదిహేను రెట్లు అంటే అందరికీ వస్తుందని అర్థం కాదు. వివరించే తీరిక లేనప్పుడు ఈ అంకె భయాన్ని మాత్రమే మిగులుస్తుంది.

రెండో మెట్టు: పాత కాగితాలు వెతకండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ముప్పు ఎంత ఉందన్నది "క్యాన్సర్ వచ్చిందా లేదా" అన్నదాని మీద కాక, ఏ మందు ఎంత మోతాదులో పడింది, రేడియేషన్ ఎక్కడ ఎంత తగిలింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. చికిత్స నాటికి ఆ మనిషి పసివాడు. అతనికి గుర్తుండేది సూది నొప్పి, వార్డు కిటికీ, తినడానికి అమ్మ బతిమాలిన సంగతి. అందుకే తల్లిదండ్రులు ఉంటే వారిని అడగండి. మందు పేరు గుర్తులేకపోయినా రంగు గుర్తుంటుంది. "ట్యూబులో ఎర్రగా దిగేది, ఆ రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చేది, రక్తమేమోనని మొదటిసారి హడలిపోయాను" అని ఒక తల్లి చెబితే, ఆమె దాదాపుగా ఆంత్రాసైక్లిన్ గురించే చెబుతున్నట్టు. నీలంగా ఉండేదని, మూత్రం ఆకుపచ్చగానో నీలంగానో మారేదని చెబితే అది మైటోక్సాంట్రోన్ అయి ఉండవచ్చు. ఇది రుజువు కాదు, ఏ కాగితం కోసం వెతకాలో చెప్పే ఆనవాలు మాత్రమే.

తర్వాత చికిత్స చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. పెద్దవయసు వచ్చిన వ్యక్తి రికార్డులు కాబట్టి దరఖాస్తు మీద ఆయన సంతకమే ఉండాలి. మీరు రాసిపెట్టి సంతకం చేయించుకోవచ్చు. "నా ఫైలు ఇవ్వండి" అని మాత్రమే రాస్తే డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి చేతిలో పెట్టే అవకాశం ఉంది. అందుచేత నాలుగు విషయాలు విడివిడిగా అడగండి: వాడిన ప్రతి కీమో మందు పేరు, ఒక్కో మందు మొత్తం మోతాదు శరీర ఉపరితల వైశాల్యంలో చదరపు మీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, రేడియేషన్ ఇచ్చి ఉంటే శరీరంలో ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలమానం), చికిత్స మొదలైన, ముగిసిన తేదీలు.

ఒక్క పేజీ తప్పిపోతే ఎంత తేడా వస్తుందో చూడండి. ఒకరి ఫైలులో చివరి దశ చికిత్స కాగితం మాత్రమే దొరికింది. అందులో డాక్సోరూబిసిన్ చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాముల చొప్పున మూడుసార్లు ఇచ్చినట్టు ఉంది, అంటే మొత్తం 75. దాని ప్రకారం ఆ మనిషి తక్కువ ముప్పు వర్గంలోకి వస్తాడు (ఈ వర్గాల సంగతి మూడో మెట్టులో ఉంది). కానీ చికిత్స మొదటి నెల కాగితం కూడా దొరికితే, అందులో డానోరూబిసిన్ 25 చొప్పున నాలుగుసార్లు, అంటే మరో 100 కనిపిస్తుంది. డానోరూబిసిన్ గుండెకు చేసే హాని డాక్సోరూబిసిన్ కంటే తక్కువ కాబట్టి వైద్యులు దాన్ని సుమారు సగంగా, లేదా సగానికి కొంచెం పైగా లెక్కిస్తారు. అలా లెక్కించినా మొత్తం 125 నుంచి 135 మధ్యకు వచ్చి, అదే మనిషి మధ్యస్థ ముప్పు వర్గంలోకి మారిపోతాడు. లెక్క మీరు వేయనవసరం లేదు, వైద్యులు వేస్తారు. కాగితాలన్నీ వారి ముందుకు చేర్చడం మాత్రం మీ చేతిలో పని.

రేడియేషన్ విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. "ఛాతీకి ఇవ్వలేదు, వెన్నుకే ఇచ్చారు" అనో, "ఎడమ కిడ్నీ గడ్డకు పొట్టమీద ఇచ్చారు" అనో చెప్పి గుండెకు సంబంధం లేదనుకుంటారు. వెన్నెముక పొడవునా ఇచ్చిన కిరణాల దారిలో గుండె ఉంటుంది, ఎడమవైపు పైపొట్టకు ఇచ్చినప్పుడు గుండె అడుగుభాగానికి కొంత సోకుతుంది, ఎముక మజ్జ మార్పిడికి ముందు ఒళ్లంతటికీ ఇచ్చిన రేడియేషన్ గుండెనూ వదలదు. ఏ భాగానికి ఇచ్చినా దరఖాస్తులో అడగండి.

ఆసుపత్రి మూతపడినా, రికార్డులు నాశనమైనా ప్రయత్నం ఆపవద్దు. క్యాన్సర్ రకం, చికిత్స జరిగిన సంవత్సరం తెలిస్తే, ఆ రోజుల్లో ఏ మందులు వాడేవారో పిల్లల క్యాన్సర్ వైద్యులు చాలావరకు అంచనా వేయగలరు.

మూడో మెట్టు: ఎంత తరచుగా అవసరమో తెలుసుకోండి

అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం స్థూలంగా పరిస్థితి ఇది. ఆంత్రాసైక్లిన్ మొత్తం చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నా, గుండె మీద రేడియేషన్ 30 గ్రేలు లేదా అంతకు మించి తగిలినా, లేదా ఆంత్రాసైక్లిన్ కనీసం 100, రేడియేషన్ కనీసం 15 గ్రేలు రెండూ కలిసి ఉన్నా ముప్పు ఎక్కువ. వీరికి రెండేళ్లకు ఒకసారి ఎకో పరీక్ష, అంటే ధ్వని తరంగాలతో గుండెను బొమ్మగా చూసే పరీక్ష, అవసరం. ఆంత్రాసైక్లిన్ 100 నుంచి 250 లోపు, లేదా రేడియేషన్ 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థ ముప్పు. ఐదేళ్లకు ఒకసారి సరిపోతుంది. అంతకంటే తక్కువైతే క్రమం తప్పని ఎకో పరీక్షల అవసరం సాధారణంగా ఉండదు. మీ మనిషి ఈ చివరి వర్గంలో ఉంటే ఆ మాట కూడా అంతే స్పష్టంగా చెప్పండి. అనవసరమైన పరీక్ష చేయించకపోవడం కూడా శ్రద్ధలో భాగమే. మరీ చిన్న వయసులో చికిత్స పొందినవారికి, స్త్రీలకు ముప్పు కొంత ఎక్కువని గమనించారు కాబట్టి, తుది నిర్ణయం ఫైలు చూసిన వైద్యులదే.

నాలుగో మెట్టు: మాట్లాడటం

నలుగురిలో, భోజనాల దగ్గర, వేరే వాదన మధ్యలో ఈ ప్రస్తావన తేవద్దు. విడిగా, తీరిగ్గా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. "నీకు గుండెజబ్బు రావచ్చు" అన్న వాక్యంతో కాకుండా ప్రశ్నతో మొదలుపెట్టండి. ఒక అక్క తన తమ్ముడితో ఇలా అనవచ్చు: "తమ్ముడూ, చిన్నప్పుడు నీకు వాడిన మందుల్లో కొన్ని గుండె మీద పనిచేస్తాయట, పెద్దయ్యాక అప్పుడప్పుడూ చూపించుకోవాలట. ఈ సంగతి నీకెవరైనా ఎప్పుడైనా చెప్పారా?" చాలామంది "లేదు" అనే అంటారు. పిల్లల వైద్యుల దగ్గర నుంచి పెద్దల వైద్యుల దగ్గరికి మారే సమయంలో ఈ సమాచారం జారిపోతుంది. ఎవరూ చెప్పలేదని తెలిసినప్పుడు తప్పు తనది కాదని అతనికి అర్థమవుతుంది, మాట వినే మనసు వస్తుంది.

ఆ తర్వాత మీరు వినాలి. "నేను బాగానే ఉన్నాను కదా" అన్న జవాబు వస్తే దాన్ని ఖండించవద్దు. బాగున్నప్పుడే చేయించుకునే పరీక్ష ఇదని, ఆయాసం మొదలయ్యాక చేసేది ముందస్తు పరీక్ష కాదని చెప్పండి. "ఏదైనా బయటపడితే?" అన్న భయం దీనికంటే లోతైనది. నేను మాట్లాడిన చాలామందిలో అసలు అడ్డంకి ఇదే. వారు ఒకసారి మృత్యువు దాకా వెళ్లి వచ్చారు. మళ్లీ ఆ తలుపు తట్టడం ఇష్టం లేదు. ఆసుపత్రి వాసన తగిలితేనే కడుపులో తిప్పేవారున్నారు. ఈ భయాన్ని "అదేం లేదులే" అని తోసేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. తెలియకపోయినా గుండెలో జరిగేది జరుగుతూనే ఉంటుందని, తెలిస్తే మాత్రం చేయగలిగింది చాలా ఉందని నిదానంగా చెప్పండి. పంపింగ్ బలం తగ్గడం తొలిదశలో కనిపెడితే, రక్తనాళాల మీద ఒత్తిడి తగ్గించే ఏసీఈ ఇన్హిబిటర్లు, గుండె శ్రమను తగ్గించే బీటా బ్లాకర్లు వంటి మాత్రలు మొదలుపెట్టవచ్చు. క్యాన్సర్ చికిత్స లాంటి రోజులు మళ్లీ రావన్నది వారు వినవలసిన మాట.

అమ్మానాన్నల మనసు మళ్లీ కలత పడుతుందని వెనకాడేవారూ ఉంటారు. మొదటి పరీక్ష ఫలితం వచ్చేవరకు ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో నిర్ణయించే హక్కు పూర్తిగా వారిదేనని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఖర్చు, సెలవు, దూరం అడ్డమైతే వాటిని చిన్న సాకులుగా చూడకండి. అవి నిజమైన అడ్డంకులే, పైగా మీరు నేరుగా సాయం చేయగలిగినవి కూడా అవే.

సంభాషణ "సరే, చూద్దాం" దగ్గర ఆగిపోనివ్వకండి. "ఏ రోజు వీలవుతుంది?" అని అడిగి ఒక తేదీ అనుకోండి. ఫోన్ చేసి సమయం తీసుకోవడం తనకు కష్టమంటే ఆ ఫోన్ మీరే చేయండి.

ఐదో మెట్టు: వైద్యుడి గదిలో

పెద్దలకు వైద్యం చేసే డాక్టరు జీవితంలో ఇలాంటి రోగులు కొద్దిమందే తారసపడతారు. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడు వచ్చి ఎకో కావాలంటే, ఈసీజీ తీసి, బాగుందని చెప్పి పంపేయవచ్చు. ఈసీజీ గుండె లయను చూపుతుంది, కండరం బలాన్ని నేరుగా కొలవలేదు. రక్తపరీక్ష ఒక్కటీ ఎకోకు ప్రత్యామ్నాయం కాదు. అందుకే ఒక చిన్న కాగితం మీద ఇలా రాసి ఇవ్వండి: "నాకు ఫలానా వయసులో ఫలానా క్యాన్సర్‌కు చికిత్స జరిగింది. ఆంత్రాసైక్లిన్ మొత్తం ఇంత, రేడియేషన్ ఇంత. దీర్ఘకాలిక పర్యవేక్షణలో భాగంగా ఎకో పరీక్ష కోరుతున్నాను." వెంట చికిత్స వివరాల నకలు ఉంచండి, అసలు కాగితాలు ఇవ్వవద్దు. అదే రోజు రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ కూడా చూడమని అడగండి. ఆంత్రాసైక్లిన్ పడిన గుండెకు అధిక రక్తపోటు తోడైతే ముప్పు మామూలు కూడిక లెక్కను దాటి పెరుగుతుంది, అదృష్టవశాత్తూ రక్తపోటు మన అదుపులోకి వచ్చేదే.

ఆరో మెట్టు: పరీక్ష రోజు

జరగబోయేది ముందే చెబితే సగం బెదురు తీరిపోతుంది. సాధారణ ఎకోకు సూది ఉండదు, రేడియేషన్ ఉండదు, పరగడుపున రానవసరం లేదు. మసక వెలుతురు గదిలో ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోమంటారు, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి చిన్న పరికరాన్ని పక్కటెముకల మధ్య కొంచెం నొక్కి జరుపుతారు. మధ్యలో యంత్రం నుంచి బుస్సుమని నీళ్లు దూకినట్టు శబ్దం వస్తుంది. అది రక్తం పారే వేగాన్ని కొలిచే శబ్దం, కంగారు పడనవసరం లేదు. పరీక్ష చేసేవారు మౌనంగా తెర వైపే చూస్తుంటే ఏదో తేడా ఉందనుకోవద్దని కూడా చెప్పండి. స్త్రీలు కావాలంటే మహిళా సిబ్బందిని అడగవచ్చు. మీరు బయట కూర్చుంటానంటే చాలు, చాలామందికి అదే ధైర్యం.

రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ అనే అంకె ఉంటుంది. అది 60 అని చూసి, నూటికి అరవై మార్కులే వచ్చాయని దిగులుపడినవారు ఉన్నారు. గుండె ప్రతి కొట్టుకోవడంలోనూ తనలోని రక్తాన్నంతా బయటికి పంపదు, సగం కంటే కొంచెం ఎక్కువే పంపుతుంది. 60 ఆరోగ్యకరమైన అంకె. ఈసారి 60, వచ్చేసారి 57 వచ్చినా అది కొలతలో వచ్చే మామూలు తేడా కావచ్చు. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే చోట, ఒకే పద్ధతిలో చేయిస్తే పోలిక నమ్మదగ్గదిగా ఉంటుంది. అంకె 50కి దిగువన ఉంటే, లేదా పాత రిపోర్టుతో పోలిస్తే బాగా పడిపోయి ఉంటే, క్యాన్సర్ చికిత్స సంగతి తెలిసిన కార్డియాలజిస్టును కలవాలి. ఎకోలో బొమ్మ స్పష్టంగా రాకపోతే గుండెకు ఎంఆర్ఐ సూచించవచ్చు.

ఏడో మెట్టు: రెండోసారి అడగడం

మొదటి సంభాషణ జరిగిన రెండు మూడు వారాల తర్వాత మళ్లీ ఫోన్ చేయండి. "చేయించుకున్నావా లేదా" అని నిలదీయకుండా, "ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది" అని అడగండి. రికార్డుల దగ్గర ఆగితే రికార్డుల సంగతి, డాక్టరు కొట్టిపారేస్తే వేరే డాక్టరు సంగతి మాట్లాడండి. పూర్తిగా వద్దంటే ఆ నిర్ణయం వారిదేనని ఒప్పుకొని, కొన్ని నెలల తర్వాత మళ్లీ అడగడానికి అనుమతి తీసుకోండి.

ఈలోగా మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, పాదాల వాపు, గుండెదడ, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే పరీక్ష తేదీ కోసం ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. యువకుల్లో గుండె బలహీనత కొన్నిసార్లు వికారంగా, వాంతులుగా, కడుపునొప్పిగా కూడా బయటపడుతుందని గుర్తుంచుకోండి. పిల్లల్ని కనాలనుకునే స్త్రీలు గర్భం దాల్చకముందే, కుదరకపోతే మొదటి మూడు నెలల్లోనే గుండె పరీక్ష చేయించుకోవాలి. గర్భిణి గుండె పంపే రక్తం మామూలు కంటే చాలా పెరుగుతుంది, ఆ అదనపు బరువును గుండె మోయగలదో లేదో ప్రసూతి వైద్యులకు ముందుగా తెలియాలి. పొగతాగేవారు మానేయాలి. నడక, ఈత, సైకిల్ వంటివి చాలామందికి మంచివే, అయితే బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టేముందు ఎకో ఫలితం చూపించి డాక్టరు సలహా తీసుకోవాలి.

రిపోర్టు చేతికొచ్చిన రోజునే దాన్ని ఫోటో తీసి చికిత్స వివరాల కాగితంతో కలిపి ఒకచోట దాచమనండి. వెనకవైపు వచ్చే పరీక్ష నెల, సంవత్సరం పెన్నుతో రాయమనండి. ఆ నెలకు ముందు నెలలో మీ ఫోన్‌లో కూడా ఒక గుర్తు పెట్టుకోండి, రెండేళ్లకైనా ఐదేళ్లకైనా మళ్లీ అడగవలసింది మీరే కాబట్టి.